మొగలో తవ్విన ఇసక

మా ఊళ్లో ఎవరికి ఏ కాగితం కావాలన్నా నా దగ్గరికే వస్తారు. అంగన్‌వాడీలో పిల్లలకు అ ఆలు దిద్దించేదాన్ని కాబట్టి నా చేతిరాత బాగుంటుందని పేరు. రేషన్ కార్డులో పేరు తప్పుపడితే నేను, తుపానులో వలలు కొట్టుకుపోతే నేను, కరెంటు స్తంభం ఒరిగితే నేను. చెప్పకేం, రాయడమంటే నాకూ సంతోషమే. "గౌరవనీయులైన" అని మొదలుపెట్టి నాలుగు పెద్దమాటలు వేస్తే ఆ కాగితానికి ఒక బరువొస్తుంది. మా ఊరి ముందర ఇసక పొయ్యమని అర్జీ రాసింది కూడా నేనే. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత ఎవరూ నన్ను నిలదియ్యాల్సిన పనుండదు.

మా ఊరికి తూర్పున సముద్రం, ఉత్తరాన ఏరు. ఆ ఏరు సముద్రంలో కలిసే చోటును మొగ అంటాం. పడవలన్నీ ఏట్లో కట్టేసుంటాయి, మొగ దాటే వేటకు పోవాల. కొన్నేళ్లుగా ఆ మొగ పూడుకుపోతా వచ్చింది. అదే ఏళ్లలో ఊరి ముందరి ఒడ్డు కోసుకుపోతా వచ్చింది. ఆడ ఇసక ఎక్కువై చచ్చినాం, ఈడ ఇసక లేక చచ్చినాం. నా చిన్నప్పుడు ఇంటికాడ నుంచి నీళ్లకు పోవాలంటే మధ్యలో రెండుసార్లు బాలబంద తీగ మీద నిలబడి కాళ్లు చల్లార్చుకోవాల్సి వచ్చేది. అంత దూరం. పోను పోను అలలు మా అన్న ఇంటి మెట్ల దాకా వచ్చేసినాయి. ఎందుకు కోస్తున్నదని అడిగితే ఒకరు రేవుల కోసం సముద్రంలోకి కట్టిన రాళ్ల గోడలన్నారు, ఒకరు తుపాన్లన్నారు, ఒకాయన ఆడోళ్లు చెప్పులేసుకుని ఒడ్డుకు పోతున్నందుకేనన్నాడు. ఆయన్ను నేను వదిలిపెట్టలేదు లేండి, నాలుగు దులిపినాను.

మా అమ్మ అన్న ఇంట్లోనే ఉంటుంది. ఆ ఇల్లు మొదటి వరసలో ఉంది, నాది రెండు వీధులు వెనకాల. మా నాయన పోయినప్పటి నుంచీ అమ్మ చిప్పల మీదే బతికింది. అల వచ్చి వెనక్కి పొయ్యేచోట తడి ఇసకలో బొటనవేలి గోరంత చిప్పలుంటాయి. వాటికి మేం వేరే పేరేం పెట్టలా, చిప్పలనే అంటాం. అల వెనక్కి తిరగ్గానే అమ్మ ఒంటికాలి మీద నిలబడి రెండో కాలి మడమను ఇసకలో గిర్రున తిప్పేది. ఇసక పలచనై చిప్పలు పైకి తేలేవి. వంగి గుప్పెట్లో ఎత్తి గంపలో వేసి, తర్వాతి అలకు గంప అడ్డం పెడితే ఇసక కారిపోయి చిప్పలు మిగిలేవి. చేత్తో తవ్వేవాళ్లంటే అమ్మకు మహా చిన్నచూపు. "కోడి గీరినట్టు గీరతా ఉండారు చూడు" అనేది, వాళ్లకు వినపడేటట్టే.

వాటిని ఉడకబెట్టి, కండ తీసి, గిన్నెలో వేసుకుని బస్సెక్కి లోపలి ఊళ్లకు పొయ్యేది. వరి పండే ఊళ్లు అవి. ఆడ ఆమెను అందరూ చిప్పలమ్మ అనే పిలిచేవాళ్లు. పుల్ల మామిడికాయ వేసి చిప్పల పులుసు పెట్టుకోవడం ఆ ఊళ్లకు నేర్పింది తనేనని అమ్మ గొప్పలు పొయ్యేది. కోతలప్పుడు వాళ్లు కొంగులో వడ్లు పోసేవాళ్లు. డెబ్బై దాటినా ఈ పని మానలా. అన్న ఎన్నోసార్లు ఇంట్లో కూర్చోమన్నాడు. వదిన కూడా మంచిదే, అన్నం పెట్టడానికి మొహం ముడుచుకునే మనిషి కాదు. అయినా అమ్మకు ఒకటే పట్టుదల. ఆకూవక్కకు కూడా కోడలి చెయ్యి చూడాల్సిన రోజు రాకూడదు. ఆ చిప్పలున్నన్నాళ్లు ఆమె ఎవరి చెయ్యీ చూడాల్సిన పనిలేదు. అవి లేకపోతే ఆమె వసారాలో ఒక మూల కూర్చునే ముసలమ్మ, అంతే.

ఒక వాయుగుండానికి అన్న ఇంటి మెట్లూ, పక్కనున్న బాత్రూమూ సముద్రంలో కలిసిపోయినాయి. మర్నాడు ఊరంతా కూర్చున్నారు. మొగ తవ్వించాల, ఒడ్డు నిలబెట్టాల. అప్పుడెవరో అన్నారు, మొగలో తవ్విన ఇసకనే తెచ్చి ఊరి ముందర పోస్తే ఒక దెబ్బకు రెండు పనులూ అయిపోతాయి గదా అని. ఎంత తెలివైన ఆలోచన అనుకున్నామో. నేను ఆ పూటే కూర్చుని రాసేసినాను, రెండు పేజీలు. ఏలిముద్రలు వేసేటప్పుడు అమ్మ ముందుకొచ్చి వేసింది. "సముద్రం ఇసక సముద్రానికే పోస్తారు, అంతే గదా" అనింది. అదే ఇసకా కాదా అని మాకెవరికీ తోచలా. ఇసకకు తేడా ఏముంటుంది? ఇన్నేళ్లు ఇసక మీద పుట్టి, ఇసక మీద పడుకుని, ఇసకలోనే మనుషుల్ని పూడ్చిపెట్టుకునే మాకే ఆ బుద్ధి లేకపోతే ఇంకెవరికి ఉంటుంది.

అర్జీ ఫలించింది. అదే ఆశ్చర్యం. నేను రాసిన కాగితాల్లో సగం ఏ బీరువాలో చెదలు పడతా ఉన్నాయో తెలియదు, ఇది మాత్రం ఫలించింది. మొగలోకి అడుగు ఇసక తోడిపోసే డ్రెడ్జరు వచ్చింది. దాని దగ్గర నుంచి ఊరి ముందరికి మనిషి దూరేంత లావు పైపులు పరిచినారు. పైపు మూతికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, గంగమ్మను తలుచుకుని కొబ్బరికాయ కొట్టినాం. కాసేపటికి పైపు గుర్రుమని నల్లటి నీళ్లు కక్కింది. కుళ్లిన కోడిగుడ్డు కంపు. పైపు కాడ ఉన్న పనివాడు నవ్వి, ముందు కొంచెం బురదొస్తుంది, తర్వాత మంచి ఇసకే వస్తుందన్నాడు. ఏరు ఎన్నేళ్లుగానో మోసుకొచ్చి మొగలో పడేసిన మడ్డి, రొయ్యల చెరువుల్లోంచి వదిలిన బురద, విరిగిన గుల్లలు, ఆ తర్వాత ముతక ఇసక, అన్నీ కలిసి వచ్చినాయి. నెలరోజులు రాత్రీ పగలూ పోసినారు. బుల్డోజర్లు అటూ ఇటూ తిరిగి చదును చేసినాయి.

అబద్ధం ఎందుకు, చివరికి చూస్తే ఒడ్డు విశాలంగా, అందంగా ఉండింది. నేనూ మురిసిపోయినాను. పిల్లలు క్రికెట్ ఆడినారు. అన్న కొత్తగా మెట్లు కట్టించుకున్నాడు. ఇల్లు నిలబడింది. ఈ కథలో ఆ మాట ఒకటి నిజం, దాన్ని ఎవరూ కాదనలేరు.

అమ్మ గంప తీసుకుని పోయింది. నేను సెలవు రోజని వెంట పోయినాను. అల వెనక్కి పోగానే మడమ పెట్టి తిప్పింది. దిగలా. ఇంకోచోట తిప్పింది. సిమెంటు చేసిన వాకిట్లో తిప్పినట్టు ఉండాది అనింది. బురదా గుల్లలూ ఎండి అట్టకట్టుకుపోయినాయి, పైన బుల్డోజర్లు తొక్కినాయి. అమ్మ మడమ చీరుకుని రక్తమొచ్చింది. నేను అన్న ఇంట్లోంచి గునపం తెచ్చి తవ్వినాను. మోకాలి లోతు తవ్వినాక పాత ఇసక తగిలింది. మెత్తగా, సన్నగా, మా ఇసక. అందులో చిప్పలు ఎక్కడివక్కడ నోళ్లు తెరుచుకుని ఉన్నాయి, లోపల నల్లటి జిగురు. ఊపిరాడక చచ్చినాయి. అమ్మ గుంటలోకి వంగి చూసింది. "అందరూ ఈడనే ఉండారు" అనింది, మనుషుల్ని అన్నట్టు.

ఆ తర్వాతే మాకు మిగతావి కనపడడం మొదలుపెట్టినాయి. చలికాలంలో ఉల్లంకి పిట్టలు వచ్చినాయి, అల వెంబడి పరుగెత్తి ముక్కు పొడిచినాయి, ఏమీ దొరక్క రెండోరోజే లేచిపోయినాయి. ఎండ్రకాయల బొక్కలు లేవు. ఒడ్డు వలకు చిన్నచేపలు పడడం తగ్గింది, నీళ్లు ఎన్ని రోజులైనా తేరుకోక టీ రంగులోనే ఉన్నాయి. పోసిన ఇసకను అలలు కోసి నడుమెత్తు గోడ చేసినాయి. ఒక తాబేలు గుడ్లు పెట్టేదానికి వచ్చి ఆ గోడ కింద అటూ ఇటూ పాకి, ఎక్కలేక వెనక్కి పోయింది. పొద్దున ఆ జాడ చూసి ఊళ్లోవాళ్లు ఫొటోలు తీసుకున్నారు. నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియలా.

ఆ ఏడాది వానలకు లోపలి ఊళ్లలో నాట్లు వేస్తున్నారు. అమ్మ చిప్పలు లేకపోయినా ఊరికే ఒకసారి ఆ ఊళ్లకు పోయొచ్చింది. ఒక మడిలో నారు పీకి ఇంకో మడిలో నాటేది చూసి రోడ్డు పక్కన చాలాసేపు నిలబడిందంట. వచ్చి నాతో చెప్పింది, చిప్పల్ని నాటుతానని. నేను నవ్వినాను. ఆమె నవ్వలా. దక్షిణాన ఇసక పొయ్యని ఊరొకటి ఉంది. పొద్దున్నే రెండు ప్లాస్టిక్ బకెట్లు తీసుకుని ఆడికి నడిచి, తడి ఇసకతో సహా బతికున్న చిప్పలు తెచ్చింది. నేనొక బకెట్ మోసినాను. అలల అంచున జానకొకటి చొప్పున వరసగా పెట్టింది, నారు పెట్టినట్టే. చిప్పలు నాలుక బయటపెట్టి ఇసకలోకి దూరాలని చూసినాయి. గట్టి ఇసక లోపలికి రానివ్వలా. అటొరిగి ఇటొరిగి పైనే పడుకున్నాయి. కాసేపటికి కాకులొచ్చినాయి. అమ్మ కొంగు విసురుతా తరిమింది. ఒక వరస కాడికి పోతే ఇంకో వరస మీద వాలినాయి. మొగోళ్లు మెట్ల మీద కూర్చుని చూస్తా ఉన్నారు. ఒకాయన, "చిప్పలు నాటతా ఉందిరా ముసలామె" అని నవ్వినాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలా. అమ్మ అట్టా అయిదు రోజులు చేసింది. ఆరో రోజు ఆ ఊరి ఆడోళ్లు అడ్డం నిలబడినారు. మీ ఒడ్డు మీరే చంపుకున్నారు, ఇప్పుడు మా ఒడ్డు మీద పడినారా అని అడిగినారు. అమ్మ రెండు బకెట్లూ అక్కడే అలలో ఒంపేసి వచ్చేసింది.

కొన్నాళ్లకు ఒక చదువుకునే అమ్మాయి వచ్చింది. సముద్రం ఒడ్డున ఇసకలో ఏమేం బతుకుతాయో లెక్క పెట్టుకునే చదువంట. గొట్టం దించి ఇసక తీసి, జల్లెడ పట్టి, సీసాల్లో నింపుకునేది. అమ్మ ఆమె పక్కనే గొంతుక్కూర్చుని అన్నీ చూసింది. నాటిన సంగతి చెప్పింది. ఆ పిల్ల నవ్వలేదు. అందుకే నాకు నచ్చింది. "విత్తనం మీరు తేనక్కర్లేదవ్వా, నీళ్లలోనే ఉంటుంది, కంటికి కనపడదు. ఇసక మెత్తబడితే అవే వచ్చి దిగుతాయి. కాకపోతే మళ్లీ ఏమీ పొయ్యకుండా వదిలెయ్యాల. రెండేళ్లో మూడేళ్లో పడుతుంది" అనింది.

అమ్మకు ఆ ఒక్కమాట చాలింది. అప్పటినుంచి ఒడ్డు ఆమె పొలమైంది. ట్రాక్టరు దింపితే తిట్టేది, మోటారు సైకిళ్ల మీద పిల్లోళ్లు తిరిగితే కట్టె తీసుకునేది. మా తీరం నుంచి రాకెట్ ఎగిరే రోజు వేటకు పోవద్దని మొగోళ్లను ఒడ్డునే ఆపితే, వాళ్లు ఇసక తొక్కుతారని వాళ్లమీద కూడా అరిచేది. రోజూ పొద్దున ఒకసారి పోయి మడమ తిప్పి చూసేది. ఈలోగా బతకాల గదా, రొయ్యల షెడ్డులో తలలు గిల్లే పనికి పోయింది. ఐసునీళ్లలో వేళ్లు నాని చర్మం ఊడింది. నేను మానెయ్యమంటే రెండేళ్లే గదా అనేది.

మొదటి ఏడాది ఏమీ లేదు. రెండో ఏడాది వానలకు సముద్రం పైనున్న గట్టి పొరను కొంచెం కొంచెం కొరికి పట్టుకుపోయింది. ఒడ్డు సన్నబడింది, ఇసక మెత్తబడింది. ఎండ్రకాయల బొక్కలు ఒకటీ అరా కనపడినాయి. మూడో ఏడాది ఒక పొద్దున అమ్మ నా అంగన్‌వాడీ సెంటరు కాడికే వచ్చేసింది. పిల్లలకు ఉగ్గు కలుపుతున్నదాన్ని చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. అల వెనక్కి పోయినాక మడమ తిప్పింది. సగం దాకా దిగింది. గుప్పెట్లోకి ఎత్తి నాకు చూపించింది. బియ్యపు గింజంత చిప్పలు, పదో పన్నెండో, అరచేతిలో నిలబడి ఇసకలోకి దూరేదానికి తన్నుకుంటా ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. అమ్మకు రాలా. వాటి పక్కన చిటికెనవేలు పెట్టి గోరుతో కొలుచుకుంది. మా ఆడోళ్లలో ఒక కట్టుబాటుంది, చిటికెనగోరు కన్నా చిన్న చిప్పను ఎత్తకూడదు. ఎత్తితే, చంటిబిడ్డ నోట్లోంచి పాలు లాక్కున్నట్టు. అమ్మ వాటిని జాగ్రత్తగా అలలో వదిలింది. ఎవరికీ చెప్పొద్దు, దిష్టి తగులుతుంది అనింది. ఇంకో రెండు మూడు నెలల్లో గోరంత అవుతాయని లెక్క వేసుకుంది. షెడ్డు మేస్త్రీకి వచ్చే నెల నుంచి రానని కూడా చెప్పేసింది.

మొగ మళ్లీ పూడింది. ఎందుకు పూడదు? ఊరి ముందర పోసిన ఇసకను సముద్రం ఉత్తరానికి నెట్టి నెట్టి తిరిగి మొగలోనే పోసింది. ఆ నెలలోనే ఒక పడవ మొగలో ఇసక దిబ్బకు తగిలి తిరగబడి ఒకతనికి కాలు విరిగింది. ఇక ఎవరు ఏం మాట్లాడతారు? వారం తిరక్కుండా పైపులు దిగినాయి.

నేను డ్రెడ్జరు పని చూసే ఇంజనీరు షెడ్డు కాడికి పోయినాను. మొగ తవ్వుకోండి సార్, ఇసక మాత్రం ఈ ఒక్క ఏడాదికి ఇంకోచోట పొయ్యండి అని అడిగినాను. చిప్పల సంగతి చెప్పినాను. ఆయన విసుక్కోలేదు, కుర్చీ వేయించి టీ తెప్పించినాడు. ఫైలు తెరిచి ఒక కాగితం నా వైపు తిప్పినాడు. నా చేతిరాతే. "మొగ పూడుకుపోయినప్పుడెల్లా ఇదే విధముగా ఇసకను మా గ్రామము ముందర వేయించవలసినదిగా" అని రాసి ఉంది. ప్రతిసారీ ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పుతుందని, నా అంతట నేనే, ఎవరూ చెప్పకుండా చేర్చిన వాక్యం అది. రాసిన సంగతే నాకు గుర్తులేదు.

"మీరు అడిగినట్టే చేస్తున్నాం గదమ్మా" అన్నాడాయన.

టీ కూడా తాగలేదు. నేరుగా అన్న దగ్గరికి పోయి, ఊళ్లోవాళ్లతో మాట్లాడమని కాళ్లావేళ్లా పడినాను. అన్న వల బాగుచేస్తా తల ఎత్తకుండా అన్నాడు, "చిప్పల కోసం ఇల్లు పోగొట్టుకోమంటావా?" అని. కొత్త మెట్ల కింది దాకా అప్పటికే నీళ్లు వస్తా ఉన్నాయి.

అమ్మ వసారాలో కూర్చుని మా మాటలన్నీ వింటా ఉంది. ఆమెకు అప్పుడు చెప్పినాను, ఆ వాక్యం రాసింది నేనేనని. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు. "నువ్వు మంచికే రాసుంటావులే" అనింది. లేచి గంప అందుకుంది.

పొద్దు వాలతా ఉంది. పైపులు ఒడ్డున వరసగా పరిచి ఉన్నాయి, పొద్దున్నే పొయ్యడం మొదలుపెడతారంట. అమ్మ వాటిని దాటుకుని అల దగ్గరికి పోయి మడమ తిప్పడం మొదలుపెట్టింది. చూసుకునేదానికి అనుకున్నాను. కాదు. ఎత్తి గంపలో వేస్తా ఉంది. చిప్పలు బియ్యపు గింజ కన్నా కొంచెం పెరిగినాయి, అంతే. గంప కన్నాల్లోంచి జారిపోతుంటే కొంగు పరిచి అందులో పోసుకుంది. నేను చెయ్యి పట్టుకున్నాను. "వొద్దమ్మా, పిల్లలు" అన్నాను.

"రేపు పొద్దునకు బురద కింద చస్తాయి గదా" అనింది. "వాళ్ల చేతుల్లో ఎందుకు, నా చేతుల్లోనే పోనీ."

ఆమె వెనకాలే నేనూ వంగినాను. చీకటి పడేలోపల ఆ ఒడ్డంతా ఏరినాం. నాకు మడమ తిప్పడం రాదు. చేత్తోనే గీరినాను. అమ్మ చూసి కూడా ఏమీ అనలా.

నా ఇంట్లోనే పొయ్యి మీద పెట్టింది. అన్నీ ఒక్కసారే నోళ్లు తెరిచినాయి. కండ తీసేదానికి లోపల ఏమీ లేదు, గోటికి కూడా అందలా. గుల్లలు వడకట్టి, ఆ నీళ్లలో ఉప్పేసి, రెండు గ్లాసుల్లో పోసింది. తను తాగింది. నేను తాగేదాకా నా మొహమే చూస్తా కూర్చుంది.

"రుచుందా?" అని అడిగింది.

వేడినీళ్లు, ఉప్పు, అడుగున కాస్త ఇసక. ఉందని చెప్పినాను.